సిరిగట్టుకు తెలిసిన నడక

నడకపుస్తకం. సిరిగట్టు, తూర్పు చౌకీ.
మనుషులు ఎక్కకుండా కొండకు మూత పడిన ముప్పై ఎనిమిదో ఏడు.
రాసేది: ఓబులమ్మ, నడకమనిషి.

పుబ్బ కార్తె, నాలుగో రోజు

నేను ఈ కొండ దిగిపోయేదాకా ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవకూడదని నియమం. కాబట్టి నిజమే రాస్తాను. ఈరోజు చౌకీకి ఒక పిల్ల వచ్చింది. నాకు నచ్చలేదు.

పేరు మాబున్ని. ఇరవై ఆరేళ్ళు. రోడ్డు దగ్గర బస్సు దిగి, చౌకీ దాకా ఉన్న మూడు వందల మెట్లూ ఎక్కి వచ్చింది. వీపు మీద సంచి, చేతిలో ఒక చెప్పుల జత. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. చివరి మెట్టు దగ్గరైనా ఆయాసపడుతుందేమోనని ఆశపడ్డాను. పడలేదు.

"నమస్తే పెద్దమ్మా" అంది.

"ఎవరే నీకు పెద్దమ్మ? అక్కా అను."

"సరేక్కా" అని నవ్వింది. పళ్ళు కూడా బాగానే ఉన్నాయి.

సుంకన్న కొండ చప్పుళ్ళు వినే చెవిగదిలోంచి బయటికి వచ్చాడు. చౌకీకి పెద్ద అతనే. కొండ కమిటీ పంపిన కాగితాన్ని నా ముఖం చూడకుండా చదివాడు. "మూల కార్తెలో కమిటీవాళ్ళు వస్తారంటక్కా. నీ నడక చూస్తారంట. ఈలోపల ఈ పాపకు అడుగు అప్పగించాలంట."

"నాకేమొచ్చిందని?"

"ఏమీ రాలేదు. యాభై ఒకటి నిండినాయి గదా. రూలు."

రూలు నాకు కొత్తగా చెప్పాలా? కొండంతా మట్టి కింద చెవితీగ పాతి ఉంది. అది పదహారేళ్ళుగా నా అడుగుల చప్పుడు వింటోంది. నేను నడిస్తే ఊరుకుంటుంది, వేరే ఎవరు అడుగు పెట్టినా హోరు పెడుతుంది. రెండు నడకలు నేర్పితే తీగ తికమకపడుతుందని పూర్వం ఒకసారి తేలింది. ఆ తికమకలోనే ఎర్రచందనం దొంగలు గొడ్డళ్ళతో దర్జాగా నడుచుకుంటూ వెళ్ళారు. అప్పటినుంచి కొండకు ఒకే నడకముద్ర, ఒకే మనిషి. అంటే మూల కార్తె తర్వాత ఇక్కడ ఉండేది ఆ పిల్లో, నేనో.

ఇంకో మాట కూడా రాయాలి. రెండేళ్ళుగా నా కుడి మోకాలు నొప్పి. ఎవరికీ చెప్పలేదు.

ఉత్తర కార్తె, రెండో రోజు

కార్తెకొక నడక. ఈ కార్తె నడకకు ఆ పిల్లను వెంట తీసుకెళ్ళాను.

ముందు చెప్పులు. సుంకన్న గుమ్మం దగ్గర దీపం పెట్టి ఇద్దరి చెప్పుల అడుగు అట్టలూ తిప్పి చూశాడు. నడకమనిషి చెప్పులు రెండూ ఒకేసారి మార్చకూడదు. ఒక కార్తెలో ఎడమది, పై కార్తెలో కుడిది. అలా కొంచెం కొంచెంగా మారిస్తేనే తీగకు అలవాటవుతుంది. అందువల్ల నా కాళ్ళకు ఎప్పుడూ ఒకటి పాతది, ఒకటి కొత్తది ఉంటుంది. మాబున్ని తెచ్చుకున్న జత తళతళలాడుతోంది. "ఒకటి బండకేసి బాగా రుద్దు, నా దానంత అరగాల" అన్నాను. గంటసేపు రుద్దింది. విసుక్కుంటుందేమోనని చూశాను. పాట పాడుకుంటూ రుద్దింది.

చౌకీ వెనక నేల మీద ఒక గీత ఉంది, తీగ అక్కడినుంచే మొదలు; అది దాటాక మాటల్లేవు. ఆమె నాకు బారెడు వెనక రావాలి. నా కాలు వదిలిన చోటే, నా తర్వాతి అడుగు పడిన క్షణంలోనే తన కాలు పడాలి. అప్పుడు తీగకు ఇద్దరూ ఒక్కరిగా వినిపిస్తారు. మొదటి శిఖరం బోడిగుండు ఎక్కేలోపు ఆమె ఒక్క అడుగు తప్పింది. మట్టిలోంచి గుర్రుమని చిన్న చప్పుడు వచ్చింది. నాకు లోపల పండగైంది. కానీ తర్వాతి అడుగుకే సర్దుకుంది, ఆ తర్వాత తప్పలేదు.

ఈ కొండకు ఐదు మొనలు, అంటే శిఖరాలు: బోడిగుండు, పాలబండ, చీలికరాయి, ఏనుగువీపు, ఆకాశమిట్ట. మొన మీద ఉట్టి బండ, తీగ ఉండదు, అక్కడ మాట్లాడుకోవచ్చు. ప్రతి మొన మీదా దోనలో, అంటే రాతి గుంటలో, నీళ్ళు గాట్ల కర్రతో కొలవాలి, దోనలో పడిన ఆకులు తీసెయ్యాలి, మొన అంచున తీగ ఆగే గుంజ చుట్టూ బోద గడ్డి కొయ్యాలి, పెంటికలు లెక్కపెట్టి ఏ జంతువు ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోవాలి. ఒకప్పుడు ఈ లెక్కలు ఎగిరే కెమెరాలు తీసేవట. వాటి రొదకు కొండ సగం ఖాళీ అయిందట. అందుకే మనిషిని పెట్టారు.

చీలికరాయి కింద తుంటచెవి కనిపించింది. ఒక చెవి సగం తెగిన ఆడ కణుజు జింక. పక్కన ఈ మధ్యే పుట్టిన పిల్ల. నేను వెళ్తుంటే తుంటచెవి తల కూడా ఎత్తదు, మేస్తూనే ఉంటుంది. పదహారేళ్ళలో నేను సంపాదించుకున్నది అదే. ఈరోజు తల ఎత్తింది. నా వైపు కాదు, నా వెనక ఉన్న పిల్ల వైపు చాలాసేపు చూసింది. మళ్ళీ మేతలో పడింది. నన్నెప్పుడైనా అంతసేపు చూసిందా?

రాత్రి ఏనుగువీపు మీద రాతిగదిలో పడుకుని, పొద్దున్నే ఆకాశమిట్ట ఎక్కాం. పైన కూర్చున్నాక మాబున్ని అడిగింది.

"అక్కా, ఎక్కేటప్పుడు ఆ నల్లరాయి కాడ ఒక్క క్షణం నిలబడినావు. ఎందుకు?"

"సాలమ్మ నిలబడేది. నాకు అడుగు అప్పగించింది ఆమే."

"ఆమె ఎందుకు నిలబడేది?"

"వక్కాకు ఊసేదానికి."

"నువ్వు వక్కాకు నమలవు గదా?"

"నమలను. తీగకు ఆ నిలబడేది అలవాటయింది. మానేస్తే ఊరుకోదు."

కడుపు పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

హస్త కార్తె, తొమ్మిదో రోజు

రెండో నడక అయింది. మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. గది తలుపు వేసుకుని వేడినీళ్ళ గుడ్డ పెట్టుకున్నాను.

కిటికీలోంచి చూస్తే మాబున్ని వాకిట్లో నడుస్తోంది. కుళాయి దగ్గరికి, మళ్ళీ గుమ్మం దగ్గరికి. కుంటుతూ. కుడికాలు నేలకు ఆనీ ఆనకుండా, ఎడమకాలి మీద ఒరిగిపోతూ. ఆ నడకను ఎక్కడ చూశానా అనుకున్నాను. ఎక్కడో కాదు, నా నీడలో. ఒళ్ళు మండింది. తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

"నన్ను ఎక్కిరిస్తాండావా?"

బిత్తరపోయింది. "అయ్యో లేదుక్కా. నువ్వెట్ల నడుస్తావో అట్లే నేర్చుకుంటాండా."

"నేనట్ల కుంటుతానా?"

నా మోకాలి వైపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "కుడికాలు తేలిగ్గా పెడతావు. ఎడమకాలి మీద బరువేస్తావు. తీగకు తెలిసిన నడక అదే గదక్కా. నేను నిటారుగా పోతే హోరు పెడతాది."

ఆమె చెప్పినదాంట్లో నాకు వినబడింది ఒక్కటే. నా మోకాలి సంగతి ఈ పిల్లకు తెలుసు. రెండేళ్ళు సుంకన్న కంట పడకుండా దాచుకున్నదాన్ని రెండు నడకల్లో పట్టేసింది. రేపు కమిటీవాళ్ళ ముందు అమాయకంగా ముఖం పెట్టి చెప్పేస్తుంది. పోనీ చెప్పకపోయినా, వాళ్ళు ఆమె నిటారు కాళ్ళు చూస్తారు, నా ఒరుగుడు చూస్తారు.

"సుంకన్నకు చెప్పినావా?"

"నేనెందుకు చెప్తాక్కా?"

నమ్మలేదు. ఆ తర్వాత ఆమె నా గది ముందు ఆవనూనె గిన్నె పెట్టి వెళ్ళింది. గోరువెచ్చగా ఉంది. రాసుకున్నాను గానీ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు మాట్లాడలేదు.

చిత్త కార్తె, పదో రోజు

మూడో నడక అయింది. ఈసారి కింది రెండు మొనల దాకా ఆమె ఒక్కతే వెళ్ళింది, నేను గీత దగ్గర కూర్చున్నాను. గుర్రు కూడా రాలేదు.

చెవిగదిలో తీగ విన్నదాన్ని ముల్లు కాగితం మీద గీస్తుంది. సుంకన్న రెండు కాగితాలు కిటికీకి అంటించి నన్ను పిలిచాడు. వెలుతురులో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఏది నీదో, ఏది పాపదో చెప్పు సూస్తాం" అన్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

చూశాను. చెప్పలేకపోయాను. సాలమ్మ వెనక నడిచి నేను ఈ గీత తెచ్చుకోవడానికి తొమ్మిది కార్తెలు పట్టింది. ఈమెకు మూడు.

"పుట్టుకతోనే నడకమనిషి ఈ పాప" అన్నాడు.

నన్ను ఎప్పుడైనా ఆ మాట అన్నాడా? పదకొండేళ్ళుగా ఒకే పొయ్యి మీద తింటున్నాం. వానలో, ఎండలో, జ్వరంలో ఒక్క కార్తె నడక తప్పకుండా తెచ్చి ఇచ్చాను. "బాగుంది" అన్నాడు కొన్నిసార్లు. అంతే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంకొకటి జరిగింది. చిన్న సంగతే. చిన్నదని నాకూ తెలుసు. సంగటి గెలికాక గిన్నె అడుగున మాడుచెక్క మిగులుతుంది. దాన్ని ఊరిబిండి పచ్చడితో తినడం నాకు ప్రాణం. సుంకన్న ఎప్పుడూ గీకి నా పళ్ళెంలో వేస్తాడు. ఈరోజు మాబున్ని పళ్ళెంలో వేశాడు. ఆమె సగం విరిచి నాకు ఇవ్వబోయింది.

"నాకొద్దు. పండ్లు నొప్పి" అన్నాను.

నా పళ్ళకు ఏ నొప్పీ లేదు. కణుజు చూపు పోయింది, కాగితం మీద గీత పోయింది, ఇప్పుడు మాడుచెక్క కూడా పోయింది. యాభై ఒక్కేళ్ళ మనిషిని, సంగటి చెక్క కోసం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

అక్కడే నిర్ణయించుకున్నాను. మూల కార్తెకు ఇంకా యాభై రోజులకు పైనే ఉన్నాయి. నేను కూడా నిటారుగా నడుస్తాను. వాళ్ళు వచ్చేసరికి ఈ పిల్లతో పని లేకుండా చేస్తాను.

స్వాతి కార్తె, పన్నెండో రోజు

ఇది ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. సుంకన్నకు చిన్నాయన కూతురి పెళ్ళి అని చెప్పి, నెల రోజులు సెలవు పెట్టి వచ్చాను.

ఇక్కడి డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. నా తొడ నుంచి ఆవగింజంత కండ తీసి గాజుగిన్నెలో పెంచింది. పదో రోజుకు అరిటాకు చివరంత పొర తయారైంది. దాన్ని మోకాలిచిప్ప కింద అతికించింది. నిన్న నడిపించారు. నొప్పి లేదు. నమ్మలేక మళ్ళీ నడిచాను. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పద్నాలుగు సార్లు తిరిగాను. నర్సు వచ్చి కోప్పడి పడుకోబెట్టింది.

"ఇంకో పదిహేను రోజులు కొండలూ గుట్టలూ వద్దు" అంది డాక్టరమ్మ. "తర్వాత పరిగెత్తినా పర్వాలేదు. నడక కూడా చక్కబడుతుంది. ఒరుగుడు పోయింది చూడండి."

ఆ మాట విని ఎంత మురిసిపోయానో.

సాయంత్రం సుంకన్న ఫోన్ చేశాడు. "పెండ్లి బాగా జరిగిందా అక్కా? ఈడ ఏం దిగులు పెట్టుకోవద్దు. పాప ఒక్కతే ఐదు మొనలూ పోయొచ్చింది. ఒక్క గుర్రు గూడ లేదు. తీగ నువ్వే పోయినావనుకునింది!"

ఆకాశమిట్ట మీద పొద్దుటి ఎండలో ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉండటం కళ్ళ ముందు కనిపించింది. నా దోనలో నా గాట్ల కర్ర ముంచుతూ. నా నల్లరాయి దగ్గర నిలబడుతూ. కుళ్ళుకున్నాను, దాచుకునేదేముంది. ఈ పూట అన్నం సహించలేదు.

అనూరాధ కార్తె, రెండో రోజు

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

డాక్టరమ్మ చెప్పిన పదిహేను రోజులూ ఆగి, నిన్న చౌకీకి తిరిగి వచ్చాను. మూడు వందల మెట్లు ఆగకుండా ఎక్కాను. సుంకన్న వింతగా చూసి "నడక మారిందే అక్కా" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. అలసిపోయానని త్వరగా గదిలోకి వెళ్ళాను. అసలు సంగతి తెల్లారి నడిచి వచ్చాక చెప్పాలని, వాళ్ళ ముఖాలు చూడాలని నా ఆత్రం.

ఈరోజు తెల్లవారగానే లేచి చెప్పులు వేసుకున్నాను. సుంకన్నకు అట్టలు చూపించలేదు. కుళాయి దగ్గర ముఖం కడుగుతున్న మాబున్ని నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఆగక్కా! నీ కాలు..." అని అరుస్తోంది. ఈ కార్తె నడక తనకే దక్కాలని అరుస్తోందనుకున్నాను. వెనక్కి తిరగకుండా గీత దాటాను.

మొదటి కొన్ని అడుగుల సుఖం ఎలా రాయను? రెండు కాళ్ళూ సమానంగా నేలను తాకుతున్నాయి. కొండ నా కింద తేలికైంది. బోడిగుండుకు సగం దారిలో ఉండగా దవడలో మొదలైంది. పంటి కుదుళ్ళు జివ్వుమన్నాయి. ఆ తర్వాత పాదాల్లోకి, కడుపులోకి వచ్చింది. హోరు. ఇన్నేళ్ళలో దొంగల మీద పెట్టిన హోరును చౌకీలోంచి విన్నాను గానీ దాని మధ్యలో ఎప్పుడూ నిలబడలేదు. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి.

తీగ చెడిందనుకున్నాను. ఆ పిల్ల ఏదో చేసిందనుకున్నాను. హోరు పెడితే వెనక్కి తిరగాలన్నది మొదటి నియమం. తిరగలేదు. ఒక్కో మొనకు ఒక్కో తీగ. పాలబండ తీగ బాగానే ఉంటుంది, అది నన్ను గుర్తుపడుతుంది అనుకుంటూ ముందుకు నడిచాను. అదీ మోగింది. పక్క పొదల్లోంచి తుంటచెవి నా ముందుగా దూకి, చీలికరాయి లోయలోకి పడుతూ లేస్తూ పరిగెత్తింది. దాని పిల్ల దారి మధ్యలోనే నిలబడిపోయింది. నాలుగు కాళ్ళూ వణుకుతున్నాయి. నేను దగ్గరికి వెళ్తే ఇంకా బెదిరి పొదల్లో పడిపోయింది.

సుంకన్న కింద నుంచి తీగ ఆపాడు. దిగి వచ్చాను. వస్తూనే మాబున్ని మీద విరుచుకుపడ్డాను.

"నా ముద్ర తీసేసి నీది పెట్టుకున్నావా? నేను నెల దినాలు లేకపోతే అంత పని జేస్తావా?"

ఆమె ఏడుస్తోంది. సమాధానం చెప్పింది సుంకన్న. మూడు కాగితాలు కిటికీకి అంటించాడు. "ఇది చిత్తలో నీది. ఇది పాపది. ఇది ఈ పొద్దు నీది."

మొదటి రెండూ ఒక్కటే. ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి. మూడోది అన్నీ సమానంగా, చక్కగా, దువ్వెన పళ్ళలా ఉంది. ఎవరో కొత్త మనిషిది.

"కాలికి ఏం జేయించుకున్నావక్కా?" అని అడిగాడు. అతని గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

రెండేళ్ళలో నా కుంటు కొంచెం కొంచెంగా పెరిగింది. తీగ దానికి కొంచెం కొంచెంగా అలవాటు పడింది. ఒక చెప్పు మార్చడానికి ఒక కార్తె ఆగే మనిషిని నేను. ఆ పిల్ల చేత బండకేసి గంటసేపు చెప్పు రుద్దించిన మనిషిని. వెళ్ళి కాలే మార్చుకుని వచ్చాను. ఒక్క క్షణం కూడా తట్టలేదు. హస్త కార్తెలో ఆమె నా ముఖం మీదే చెప్పింది, నిటారుగా పోతే హోరు పెడుతుందని. నాకు నా కుళ్ళు తప్ప ఏమీ వినబడలేదు.

అనూరాధ కార్తె, ఆరో రోజు

ఒక ఏట మూడు హోరులైతే కొండకు తాళం. ఏడాది పాటు ఎవరూ ఎక్కకూడదు. పాత ముద్ర చెరిపేస్తారు. ఏడాది తర్వాత కమిటీ ఎవరిని ఎంచుకుంటే వాళ్ళ నడకతో కొత్త ముద్ర వేస్తారు. ఇప్పటికి రెండు హోరులు, బోడిగుండు తీగది ఒకటి, పాలబండ తీగది ఒకటి, నావల్లే అయ్యాయి.

నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. ఇంకొక్కసారి చాలు. గీత దాటి కాస్త దూరం నడిస్తే మూడో హోరు. ఆ పిల్ల ముద్రా ఉండదు, నా ముద్రా ఉండదు. ఏడాది తర్వాత ఇద్దరం సమానం. నాకు పదహారేళ్ళ అనుభవం, పైగా కొత్త మోకాలు. ఏడాది దోనలు ఆకులతో పూడిపోతాయి, నీళ్ళు కుళ్ళిపోతాయి. పోతే పోనీ అనుకున్నాను. అనుకున్నానని రాస్తున్నాను.

ఈరోజు టిఫిన్ వేళ దాటాక, సుంకన్న పెరట్లో ఉండగా, గీత దగ్గరికి వెళ్ళాను. తెల్లవారుజామున తుప్పర పడి ఆగింది. కుడికాలు ఎత్తాను.

గీతకు అవతల మెత్తటి ఎర్రమట్టిలో అడుగులున్నాయి. నేను వదిలేసిన నడకను మొన్న మాబున్ని వెళ్ళి పూర్తి చేసింది. ఆ అడుగులే. ఎడమపాదం లోతుగా, మడమ దగ్గర నీళ్ళు నిలిచి. కుడిపాదం పైపైన, వేళ్ళ దగ్గర మాత్రమే. పదహారేళ్ళుగా దిగి వచ్చేటప్పుడు ఎదురుగా నేను చూసుకుంటూ వచ్చిన అడుగులు అవే. రెండేళ్ళుగా ఆ కుడిపాదం మరీ పలచనవుతుంటే చూసి దిగులుపడింది కూడా నేనే. నా అడుగుల మీద నేనే హోరు పెట్టించబోతున్నాననిపించింది. ఎత్తిన కాలు ఎంతసేపు అలా ఉంచానో తెలియదు. కొత్త మోకాలు కాబట్టి నిలబడింది.

"అక్కా."

వెనక మాబున్ని ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో. నేనెందుకు వచ్చానో ఆమెకు అర్థమైంది, ఆ ముఖమే చెప్తోంది.

"ఆ కాలు కిందికి పెట్టక్కా. ఇట్లాపక్క."

పెట్టాను. గీతకు ఇవతలే.

"నాకు నేర్పినావు గదా. నీకు నేను నేర్పిస్తా. నా వెనకాల రా" అంది. "నీ నడకే. కొత్తదేం గాదు."

"నా నడక నువ్వు నాకు నేర్పేదేందే?"

"మరి నువ్వు మర్చిపోయిండావు గదక్కా" అంది. ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, తిట్టి వెళ్ళిపోయేదాన్ని.

జ్యేష్ఠ కార్తె, ఎనిమిదో రోజు

పన్నెండు రోజులు చౌకీ వాకిట్లో కుంటడం నేర్చుకున్నాను. రెండు మంచి కాళ్ళతో కుంటడం ఎంత కష్టమో ఎవరైనా ప్రయత్నించి చూడాలి. కుడికాలు నిండుగా దిగిపోతుంది, ఎడమకాలు బరువు పట్టనంటుంది. "ఇంకా తేలిగ్గాక్కా, ఆడ నొప్పి ఉన్నట్టు అనుకో" అంటుంది మాబున్ని. రెండేళ్ళు ఆ నొప్పి లేనట్టు నటించాను. ఇప్పుడు ఉన్నట్టు నటిస్తున్నాను. సుంకన్న చెవిగది గుమ్మంలో నిలబడి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. పన్నెండో రోజు కాగితం చూపించి "సాలు" అన్నాడు.

నిన్న గీత దాటాం. ఆమె ముందు, బారెడు వెనక నేను. ఆమె మడమనే చూస్తూ నడిచాను. పంటి కుదుళ్ళలో ఎప్పుడు జివ్వుమంటుందా అని దవడ బిగించుకుని ఉన్నాను. బోడిగుండు, పాలబండ, చీలికరాయి. మోగలేదు. కొండకు నేను వినబడనే లేదు. దానికి వినబడింది ఒక్క మనిషి, ఆ మనిషి ముందున్న పిల్ల.

చీలికరాయి కింద తుంటచెవి మేస్తోంది. తల ఎత్తలేదు. పక్కన దాని పిల్ల లేదు. చుట్టుపక్కల పొదలన్నీ కళ్ళతో వెతికాను, ఎక్కడా లేదు. మొన ఎక్కాక కూడా దాని గురించి ఇద్దరం మాట్లాడలేదు. జంతువుల లెక్క కాగితంలో మాబున్ని "కణుజు, ఆడది, ఒకటి" అని రాసింది.

ఆకాశమిట్ట ఎక్కేటప్పుడు నల్లరాయి దగ్గర ఆమె ఒక్క క్షణం నిలబడింది. నేనూ నిలబడ్డాను. పైకెళ్ళాక దోనలో కర్ర ముంచి కొలిచి, నాకు అందించింది. "ఎంతుండాదో నువ్వు సూడక్కా. నీ కండ్లకే బాగా తెలుస్తాది." ఏడు గాట్లు. ఆమెకు తెలియక కాదు ఇచ్చింది. తెలిసి కూడా తీసుకున్నాను.

మూల కార్తె, ఐదో రోజు

కమిటీ నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దావిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కాగితాలన్నీ చూసింది. రెండు హోరుల సంగతి సుంకన్న చెప్పబోతుంటే నేనే చెప్పాను. కాలు, పెళ్ళి అబద్ధం, గీత దగ్గర ఎత్తిన అడుగు, అన్నీ. కణుజు పిల్ల గురించి మాత్రం తల దించుకుని చెప్పాను. ఆవిడ రాసుకుంది. చాలాసేపు రాసుకుంది.

"అయితే నడకమనిషి ఎవరు?" అని అడిగింది.

ఆ మాట నా నోటితోనే చెప్పాలని ఐదు రోజులుగా లోపల లోపల అనుకుంటూ ఉన్నాను. చివరికి వేలితో మాబున్ని వైపు చూపించాను.

రిజిస్టరులో రెండు గళ్ళుంటాయి. ముందు మనిషి, వెనక మనిషి. మొదటి గడిలో మాబున్ని పేరు రాశారు. రెండో గడిలో నా పేరు రాయమన్నాను.

"వెనక మనిషంటే నేర్చుకునేవాళ్ళు కదమ్మా?" అంది ఆవిడ.

"నేర్చుకుంటానే ఉండా" అన్నాను.

సుంకన్నను చూసింది. అతను తలూపాడు. రాసింది. సంగటి వేళకు సుంకన్న మాడుచెక్కను రెండుగా విరిచి చెరో పళ్ళెంలో వేశాడు. నా ముక్కే కొంచెం పెద్దది. కొలిచి చూశాను, నిజమే.

వాళ్ళను బస్సు ఎక్కించడానికి మాబున్ని, నేను మూడు వందల మెట్లూ దిగాం. ఆ మెట్ల కింద తీగ లేదు, వినేవాళ్ళు లేరు, ఎలా నడిచినా అడిగేది లేదు. నా కాళ్ళు వాటంతట అవే సమానంగా పడ్డాయి. బస్సు వెళ్ళిపోయాక తిరిగి ఎక్కుతుంటే పదో మెట్టు దగ్గర గమనించాను. ముందు నడుస్తున్న మాబున్ని కుడికాలు ఆనించీ ఆనించకుండా, ఎడమ తుంటి మీద ఒరుగుతోంది. నూరో మెట్టు దగ్గర ఆగి తుంటి పట్టుకుని ఆయాసపడింది. పుబ్బ కార్తెలో ఆగకుండా ఎక్కి వచ్చిన మెట్లే.

"ఈడ తీగ లేదు గదమ్మా. మామూలుగా నడువు" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. "మామూలుగానే నడుస్తాండాక్కా."

ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకుని మిగిలిన రెండు వందల మెట్లూ ఎక్కించాను. రేపటి నుంచి పూటపూటా ఆవనూనె వేడి చేసి పెట్టాలి, తుంటికి రాయాలి. వచ్చే ఏడు తీగకు ఈ కుంటును ఎలా మాన్పించాలో, ఒక్కో చెప్పు మార్చినట్టు కార్తెకింత కార్తెకింతగా, సుంకన్నతో కూర్చుని లెక్క వెయ్యాలి. అది నా పని. ఆ పని నాకే తెలుసు.

అసూయ పోయిందా అని ఎవరైనా ఈ పుస్తకం తెరిచి వెతుక్కుంటారేమో. పోలేదు. మెట్ల మీద ఆ పిల్ల నా మీద ఒరిగి అడుగు వేసినప్పుడల్లా ఒకటే అనిపించింది. ఆ కుంటు నాది. నాకు ఇచ్చెయ్యవే అని అడగాలనిపించింది.